కరెంటు బిల్లు తగ్గాలంటే ముందు దేని మీద డబ్బు పెట్టాలి? ఫ్యాను, ఏసీ, గీజర్, సోలార్ పోలిక

ఏప్రిల్, మే బిల్లులు చేతికొచ్చాక చాలా ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది. ఫ్యాన్లన్నీ మార్చేద్దామని ఒకరంటారు, పాత ఏసీ తీసేసి ఫైవ్ స్టార్ కొందామని ఇంకొకరు, అసలు డాబా మీద సోలార్ పెట్టిస్తే ఈ గొడవే ఉండదు కదా అని మరొకరు. అన్నీ మంచి మాటలే, కానీ అన్నిటికీ ఒకేసారి డబ్బు తీసే పరిస్థితి అందరికీ ఉండదు. పైగా పక్కింట్లో బాగా పనిచేసిన చిట్కా మన ఇంట్లో పైసా మిగల్చకపోవచ్చు. అందుకని ఏది గొప్పదో చెప్పడం కాకుండా, ఎవరి ఇంటికి ఏది ముందు, ఏది తర్వాత, ఏది అనవసరం అనే లెక్కలో రాస్తున్నాను.

## ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, వాట్లు ఒక్కటే చూడొద్దు, గంటలు కూడా చూడాలి. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. మిక్సీ 500 వాట్లు లాగుతుంది, కానీ రోజుకు పది నిమిషాలు తిరిగితే నెలకు రెండున్నర యూనిట్లే. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లే, కానీ హాల్లో రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు అవుతుంది. మిక్సీ మోత వినిపిస్తుంది కాబట్టి అదే కరెంటు తాగుతోందని అనుకుంటాం, ఫ్యాన్ సంగతి ఎవరూ పట్టించుకోరు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, మీ ఇంట్లో ఆఖరి యూనిట్ ధర. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే వచ్చే సగటుతో పని లేదు. మీరు పొదుపు చేసిన యూనిట్ పై స్లాబు (వాడకం పెరిగే కొద్దీ మారే రేటు మెట్టు) నుంచి తగ్గుతుంది కాబట్టి, ఆ స్లాబు రేటే మీకు మిగిలే డబ్బు.

ఇక్కడ మన రెండు రాష్ట్రాల లెక్కలు వేరు, 2025-26 రేట్లే తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో అందరికీ ఒకటే మెట్ల వరస: మొదటి 30 యూనిట్లకు 1.90, ఆపైన 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, దాని పైన 9.75. అంటే నెలకు 300 యూనిట్లు కాల్చే ఇల్లు 60 యూనిట్లు తగ్గిస్తే ఒక్కో యూనిట్‌కు 8.75 చొప్పున 525 రూపాయలు మిగులుతాయి. సర్దుబాటు చార్జీలు, సుంకం కూడా యూనిట్ల మీదే పడతాయి కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే.

తెలంగాణలో మెట్లతో పాటు గోడలు కూడా ఉన్నాయి. 100 యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి 50కి 1.95, తర్వాతి 50కి 3.10. వంద దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారి, తొలి వందకు 3.40, తర్వాతి వందకు 4.80 అవుతుంది. 200 దాటితే మళ్లీ మొత్తం మారిపోయి తొలి 200 యూనిట్లకు 5.10, ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు, ఆ తర్వాత ఇంకా ఎక్కువ. దీని అర్థమేంటో చూడండి: సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే విద్యుత్ చార్జీ 820 రూపాయలు, 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! తెల్ల రేషన్ కార్డుతో గృహజ్యోతి పొందుతున్న ఇల్లయితే ఈ గోడ ఇంకా ఎత్తు, ఎందుకంటే 200 వరకు సున్నా బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. ఎండాకాలంలో 210, 220 దగ్గర ఆగే కార్డుదారుల ఇంట్లో ఒక మంచి ఫ్యాన్ నెలకు వెయ్యి రూపాయలు కాపాడగలదు. ఇలాంటి లాభం ఏ సోలార్ ప్యానెలూ ఇవ్వదు.

మూడోది, ఇల్లు సొంతమా అద్దెదా, పై అంతస్తా కింది అంతస్తా. నాలుగోది, మీ ఊరి గాలి. విశాఖలో పనికిరానిది కర్నూలులో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఈ సంగతి కూలర్ దగ్గర చెప్తాను.

ఇక ఒక్కో దారి నెలకు సుమారుగా ఎంత మిగులుస్తుందో ఒక చోట పెడుతున్నాను. వాడే గంటలు పక్కనే ఇచ్చాను, మీ గంటలు వేరైతే ఆ మేరకు మార్చుకోండి.

| ఏం చేయాలి | ఖర్చు (రూ.) | నెలకు మిగిలే యూనిట్లు | ఎలా లెక్కేశాను |
|---|---|---|---|
| ఏసీ 22 నుంచి 26కి పెంచడం | 0 | 55 దాకా | రాత్రి 8 యూనిట్లు లాగే ఏసీ |
| సెట్‌టాప్ బాక్స్ స్విచ్ దగ్గర ఆపడం | 0 | 5 | 10 వాట్లు, 18 గంటలు |
| పాత చోక్ ట్యూబ్‌లైట్ బదులు ఎల్‌ఈడీ | 200–300 | 5 | 30 వాట్ల తేడా, 6 గంటలు |
| పాత ఫ్యాన్ బదులు బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు లాగే బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాన్ | 2,500–3,500 | 20 | 45 వాట్ల తేడా, 15 గంటలు |
| త్రీ స్టార్ బదులు ఫైవ్ స్టార్ ఏసీ | అదనంగా 6,000–9,000 | 33 (ఏసీ నడిచే నెలల్లోనే) | రోజుకు 8 గంటలు |
| సోలార్, ఒక కిలోవాట్ | సబ్సిడీ పోను 30,000 పైన | 120 | రోజుకు 4 యూనిట్లు |

## ఫ్యాన్లు: ఎక్కువ ఇళ్లకు ఇదే మొదటి అడుగు

మనది ఫ్యాన్ల దేశం. ఏసీ మూడు నెలలు, గీజర్ మూడు నెలలు, ఫ్యాన్ మాత్రం సంక్రాంతి చలిలో నాలుగు రోజులు ఆగితే గొప్ప. పాత ఫ్యాన్ 70 నుంచి 80 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ రకం ఫుల్ స్పీడులో 28 నుంచి 35 వాట్లతో సరిపెడుతుంది, గాలిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. రోజుకు 15 గంటలు తిరిగే చోట పెడితే నెలకు 20 యూనిట్లు. ఆఖరి యూనిట్ ధర 7.70 ఉన్న ఇంట్లో నెలకు 150 పైచిలుకు మిగిలి, మూడు వేల ఫ్యాన్ ఇరవై నెలల్లో తన డబ్బు తాను తెచ్చేస్తుంది. అదే 3.10 స్లాబులో ఉన్న ఇంట్లో నాలుగేళ్లు పడుతుంది, అక్కడ తొందర పడనక్కర్లేదు, పాతది కాలిపోయినప్పుడు మార్చుకుంటే చాలు.

అన్ని గదులకూ ఒకేసారి కొనకండి. హాలు, పడకగది, అమ్మానాన్నలు పగలంతా ఉండే గది, అంతే. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే తెరిచే గదికి మూడు వేలు దండగ.

ఇబ్బందులూ చెప్పాలి. ఈ ఫ్యాన్‌కు గోడ మీది రెగ్యులేటర్‌తో పని లేదు, దాన్ని తీయించి నేరుగా కలపాలి, లేదా ఎప్పుడూ ఫుల్‌లో ఉంచాలి. రిమోట్‌తో నడుస్తుంది కాబట్టి పెద్దవాళ్లున్న గదికైతే గోడ స్విచ్ ఆపి వేస్తే స్పీడు మారే మోడల్ తీసుకోండి, రాత్రి రిమోట్ ఎక్కడో పడిపోతే వాళ్లు ఉక్కపోతలో అలాగే పడుకుంటారు. పాత ఫ్యాన్ పాడైతే వీధి చివర మెకానిక్ వైండింగ్ చేసిస్తాడు, దీనిలో సర్క్యూట్ బోర్డు పోతే అతను ముట్టుకోడు, అందుకే వారంటీ ఎన్నేళ్లో, మీ ఊళ్లో సర్వీసు ఉందో లేదో చూసి కొనండి. పల్లెల్లో లో వోల్టేజీ వచ్చే చోట మాత్రం ఇది వరం, ఎందుకంటే వోల్టేజీ పడిపోయినా స్పీడు దాదాపు అలాగే ఉంటుంది. బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే దాని చార్జింగ్ కూడా ఎక్కువసేపు వస్తుంది.

2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి. కాబట్టి పెట్టె మీద "ఎనర్జీ సేవర్" అని పెద్ద అక్షరాలు చూసి మోసపోకుండా ఎన్ని వాట్లో, ఎన్ని స్టార్లో చూడండి. వాట్లతో పాటు గాలి ఎంత కొడుతుందో కూడా లేబుల్ మీద ఉంటుంది.

## చల్లదనం: ఏసీ, కూలర్, డాబా మీద సున్నం

ఎండాకాలం బిల్లు పెరగడానికి కారణం చాలా ఇళ్లలో ఏసీయే. దీని మీద రూపాయి ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటి ఉంది, అదీ పెద్ద ఫలితమిచ్చేది: సెట్టింగ్ పెంచడం. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన కూడా పెట్టారు. 22లో పెట్టి దుప్పటి కప్పుకునే బదులు 26లో పెట్టి ఫ్యాన్ చిన్నగా వేసుకుంటే ఒంటికి హాయిగానే ఉంటుంది, ఆ ఫ్యాన్ బీఎల్‌డీసీ అయితే దాని ఖర్చు లెక్కలోకే రాదు. రెండు వారాలకోసారి ఫిల్టర్ తీసి కడగడం, పడమటి కిటికీకి మందపాటి పరదా వేయడం కూడా ఈ ఖర్చు లేని పనుల్లోవే.

కొత్త ఏసీ కొనేవాళ్లు ఎక్కువగా తికమకపడేది త్రీ స్టారా ఫైవ్ స్టారా అని. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది, అది 1600 గంటల వాడకానికి వేసిన లెక్క. మీకు నచ్చిన రెండు మోడళ్ల లేబుళ్లు పక్కపక్కన పెట్టి తేడా తీయండి. తేడా 220 యూనిట్లు వచ్చిందనుకుందాం. మీరు ఎండాకాలం మూడు నెలలు రాత్రిపూట 8 గంటలు వాడతారంటే మొత్తం 720 గంటలే, అంటే మీకు మిగిలేది వంద యూనిట్లు, డబ్బులో ఎనిమిది తొమ్మిది వందలు. ఫైవ్ స్టార్ కోసం అదనంగా పెట్టిన ఏడెనిమిది వేలు వెనక్కి రావడానికి ఎనిమిదేళ్లు. ఇలాంటి ఇంటికి త్రీ స్టార్ ఇన్వర్టర్ ఏసీ చక్కగా సరిపోతుంది, మిగిలిన డబ్బుతో రెండు మంచి ఫ్యాన్లు కొనుక్కోండి. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తూ పగలు కూడా ఏసీ వేసేవాళ్లకు, ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా వాడేవాళ్లకు ఫైవ్ స్టార్ మూడు నాలుగేళ్లలోనే గిట్టుబాటు అవుతుంది, వాళ్లు వెనకాడొద్దు. లేబుల్ మీద సంవత్సరం కూడా చూడాలి. స్టార్ల ప్రమాణాలు ఎప్పటికప్పుడు కఠినం చేస్తుంటారు, పాత ఏడాది ఫైవ్ స్టార్ కొత్త లెక్కలో తక్కువ స్టార్లకు దిగిపోతుంది, స్టాకు వదిలించుకోవడానికి అలాంటివే డిస్కౌంట్లో పెడతారు. ఇంకో మాట, పది పన్నెండు అడుగుల గదికి, పైన ఇంకో అంతస్తు ఉంటే ఒక టన్ను చాలు, షాపులో ఒకటిన్నర అంటగడతారు.

కూలర్ సంగతి పూర్తిగా మీ ఊరి మీద ఆధారపడి ఉంటుంది. నీరు ఆవిరైతేనే అది చల్లబరుస్తుంది, గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరవ్వదు. అందుకే రామగుండం, నిజామాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి పొడి ఎండల ఊళ్లలో 150–200 వాట్ల కూలర్ రాత్రంతా నడిచినా ఒకటిన్నర యూనిట్‌తో ఏసీకి దగ్గరి సుఖం ఇస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో అదే కూలర్ గదిని ఇంకా జిడ్డుగా తయారుచేస్తుంది, అక్కడివాళ్లు దాని మీద డబ్బు పెట్టొద్దు. పొడి ఊళ్లలో కూడా కిటికీ తీసి ఉంచాలి, మూసిన గదిలో కూలర్ పెడితే అరగంటలో ఉక్కబోస్తుంది. బోరు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతికే కాలనీల్లో రోజూ నలభై యాభై లీటర్లు దీనికి పోయాలంటే అది వేరే బాధ. వాడని రోజుల్లో నీళ్లు పారబోయకపోతే డెంగీ దోమలకు అదే పుట్టిల్లు.

పై అంతస్తులో ఉండేవాళ్లు ఏసీ కన్నా ముందు శ్లాబు గురించి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పదకొండింటి దాకా గదిలోకి వేడి దించుతూనే ఉంటుంది, ఏసీ ఆ వేడితోనే పోరాడుతూ కరెంటు ఖర్చుచేస్తుంది. మార్చి నెలలో డాబా కడిగి తెల్లటి కూల్ పెయింట్ రెండు పూతలు వేయిస్తే గదిలో రెండు మూడు డిగ్రీలు తేడా తెలుస్తుంది. అంత ఖర్చు వద్దంటే సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి పూసినా ఒక ఎండాకాలం గడుస్తుంది, వానలకు పోతుంది, మళ్లీ ఏడాది మళ్లీ పూయాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. మన పెంకుటిళ్లు, మండువా లోగిళ్లు, ద్వారాలకు కట్టి తడిపే వట్టివేళ్ల తడికలు అన్నీ ఈ లెక్క తెలిసి కట్టుకున్నవే, శ్లాబు వేశాక మనం ఆ నీడ పోగొట్టుకున్నాం. అద్దెకుండేవాళ్లు డాబాకు పెయింట్ వేయించలేరు కదా, ఇంటి యజమానిని ఒప్పించి గ్రీన్ నెట్ కట్టించుకోగలిగితే అదీ పనిచేస్తుంది.

## వేడినీళ్లు

బకెట్ స్నానానికి, అంటే 20 లీటర్లు 25 డిగ్రీల నుంచి 42కి కాగడానికి, మామూలు గీజర్‌తో కాచినా హీటర్ రాడ్‌తో కాచినా 0.4 యూనిట్ పడుతుంది. ఇది భౌతికశాస్త్రం, దీన్ని ఏ కంపెనీ తగ్గించలేదు. నలుగురుంటే రోజుకు 1.6, నెలకు 48 యూనిట్లు. కాబట్టి గీజర్ స్టార్లు మార్చి మిగిల్చేది కొంచెమే, అది కూడా కాగిన నీళ్లు గంటలకొద్దీ నిల్వ ఉంచి మళ్లీ మళ్లీ కాచేవాళ్లకే. స్నానానికి పావుగంట ముందు వేసి, ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే కానిచ్చి ఆపేస్తే పాత గీజరైనా పర్వాలేదు. షవర్‌కు మారితే మాత్రం నీళ్లూ కరెంటూ రెండూ రెట్టింపయ్యే అవకాశముంది.

హీటర్ రాడ్ చవకే, కానీ స్విచ్ ఆపి ప్లగ్ పీకకుండా నీళ్లలో చెయ్యి పెట్టి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ల వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. గ్యాస్ గీజర్‌ను గాలి ఆడని బాత్రూంలో పెట్టడం ఇంకా ప్రమాదం, వాసన కూడా రాని కార్బన్ మోనాక్సైడ్‌తో మనిషి అక్కడే కూలిపోతాడు. దాన్ని బయట గోడకు పెట్టి పైపు లోపలికి తీసుకునే వీలుంటేనే ఆలోచించండి.

సోలార్ వాటర్ హీటర్ వంద లీటర్లది ఇరవై వేల పైమాటే. ఏడాదంతా వేడినీళ్లు వాడే ఉమ్మడి కుటుంబానికి, పెద్దవాళ్లున్న ఇంటికి చాలా మంచిది. మన దగ్గర వేడినీళ్లు నిజంగా అవసరమయ్యేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే అనుకునే చిన్న కుటుంబానికి డబ్బు వెనక్కి రావడం చాలా ఆలస్యం. ఉప్పునీటి బోరు ఉంటే రాగి గొట్టాల రకంలో సున్నం పేరుకుంటుంది, గాజు గొట్టాల రకం తీసుకోవాలి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో ఆ గాజు గొట్టాలు ఎన్నాళ్లుంటాయో పక్కింటివాళ్లను అడిగి కొనండి, నవ్వులాటకు చెప్పడం లేదు.

## ఫ్రిజ్, మోటారు, చిల్లర ఖర్చులు

ఫ్రిజ్ ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది కాబట్టి పన్నెండు పదిహేనేళ్ల పాతదైతే ఒకసారి పరీక్షించండి. రాత్రి పదింటికి ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపి మీటరు రీడింగ్ రాసుకుని, గంట రెండు గంటల తర్వాత మళ్లీ చూడండి (ఆ కాసేపు ఫ్యాన్ లేకుండా ఆరుబయట కూర్చోవాలి). ఆ లెక్కన రోజుకు రెండు, మూడు యూనిట్లు లాగుతున్నట్టు తేలితే మార్చడం దండగ కాదు, కొత్త 250 లీటర్లది ఒక యూనిట్ లోపే సరిపెడుతుంది. అంతకుముందు తలుపు రబ్బరు చూడండి, పది రూపాయల నోటు తలుపులో పెట్టి మూస్తే జారిపోకూడదు. జారిపోతే రబ్బరు మార్పిస్తే చాలు, ఫ్రిజ్ మార్చక్కర్లేదు. కొత్తది కొన్నాక పాతదాన్ని పచ్చళ్ల కోసమని మేడ మీద ప్లగ్ పెట్టి ఉంచారంటే మొత్తం లాభం పోయినట్టే.

ఒక హెచ్‌పీ మోటారు గంటకు సుమారు యూనిట్ లాగుతుంది. ట్యాంక్ నిండి కారుతుంటే గానీ గుర్తురాని ఇళ్లలో రోజుకు పావుగంట వృథా, నెలకు ఏడు యూనిట్లు, నీళ్లు వేరే. ట్యాంక్ నిండగానే మోటారును దానంతటదే ఆపే ఫ్లోట్ స్విచ్ నాలుగైదు వందల్లో వస్తుంది, అది పెట్టించండి. ఎల్‌ఈడీ బల్బుల గురించి అందరికీ తెలుసు, ఇంకా చోక్ ట్యూబ్‌లైట్లు మిగిలి ఉంటే అవి కూడా తీసేయండి.

## వంట: గ్యాసా, ఇండక్షనా?

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. 14.2 కిలోల సిలిండర్‌తో అయ్యే వంటంతా ఇండక్షన్ మీద చేయాలంటే సుమారు 130 యూనిట్లు కావాలి, స్టవ్ మీద మూడోవంతుకు పైగా వేడి గిన్నె పక్కల నుంచి గాల్లో కలిసిపోతుంది కాబట్టి. మీరు కట్టే సిలిండర్ ధరను 130తో భాగించండి. 900 అయితే దాదాపు ఏడు రూపాయలు వస్తుంది. మీ ఆఖరి యూనిట్ ఏడు కన్నా తక్కువైతే ఇండక్షన్ లాభం, ఎక్కువైతే గ్యాసే. కొత్త వాడకం మిమ్మల్ని పై స్లాబులోకి నెడుతుందేమో కూడా చూసుకోవాలి. తెలంగాణలో 500 రూపాయల సిలిండర్ వచ్చే కుటుంబాలకు, ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు అందుకునేవాళ్లకు ఇండక్షన్ పొదుపు కోసమైతే అక్కర్లేదు. డాబా మీద సోలార్ ఉన్నవాళ్లకు లెక్క తిరగబడుతుంది, పగటి వంట ఇండక్షన్ మీదకు మార్చుకోవచ్చు.

ఏ పొయ్యి అయినా కందిపప్పు అరగంట నానబెట్టి కుక్కర్లో పెట్టడం, విజిల్ వచ్చాక మంట తగ్గించడం మానొద్దు.

## డాబా మీద సోలార్: ఎవరికి, ఎప్పుడు

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండుకు 60 వేలు, మూడు లేదా అంతకన్నా ఎక్కువకు 78 వేలు కేంద్రం సబ్సిడీ. మూడు కిలోవాట్ల సెట్టుకు సబ్సిడీ పోను లక్షా ఇరవై వేల దాకా చేతి నుంచి పడుతుంది, నెలకు సుమారు 360 యూనిట్లు వస్తాయి. నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంటికి తెలంగాణలో 1,790, ఆంధ్రాలో 1,673 రూపాయల విద్యుత్ చార్జీ తప్పుతుంది కాబట్టి ఆరేళ్లలో పెట్టుబడి వస్తుంది, ప్యానెళ్లకు పాతికేళ్ల వారంటీ ఇస్తారు. 150 యూనిట్లే కాల్చే ఇంటికి తెలంగాణలో నెల బిల్లు 580, రెండు కిలోవాట్లు పెట్టినా పదేళ్లు పడుతుంది. గృహజ్యోతి ఇంటికైతే అసలు మిగిలేదేముంది?

అందుకే నా వరస ఇది: ముందు ఫ్యాన్లు, ఏసీ సెట్టింగ్, డాబా పూత కానిచ్చి ఒక ఎండాకాలం బిల్లులు చూసి, అప్పుడు సోలార్ సైజు నిర్ణయించండి. 350 యూనిట్లు కాల్చే ఇల్లు 240కి దిగితే మూడు కిలోవాట్ల బదులు రెండు చాలు. సబ్సిడీలో పెద్ద భాగం మొదటి రెండు కిలోవాట్లకే ఉంది కాబట్టి చిన్న సెట్టుకే చేతి డబ్బు తక్కువ పడుతుంది.

సంతకం పెట్టేముందు అమ్మేవాళ్లు చెప్పని రెండు విషయాలు అడగండి. బ్యాటరీ లేని మామూలు సెట్టు కరెంటు పోతే పనిచేయదు, ఎండ నిప్పులు చెరుగుతున్నా సరే, లైన్‌మన్ భద్రత కోసం అది ఆగిపోయేలా చేస్తారు. కోతల బాధ తప్పించుకోవడానికి సోలార్ కొనేవాళ్లు ఇక్కడే నిరాశపడతారు. రెండోది, మన దేశంలో తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్లకే సబ్సిడీ వస్తుంది, కొటేషన్‌లో ఆ మాట రాతపూర్వకంగా ఉండాలి. కొబ్బరిచెట్టు నీడో, పక్కింటి వాటర్ ట్యాంక్ నీడో పదింటి నుంచి మూడింటి మధ్య పడుతుంటే ఆ డాబా సోలార్‌కు పనికిరానట్టే. ఒక కిలోవాట్‌కు వంద చదరపు అడుగులు కావాలి, ఫ్లాట్లలో డాబా అందరిదీ కాబట్టి అసోసియేషన్ ఒప్పుకోవాలి.

## మీరు ఎలాంటివారైతే ఏది

అద్దె ఇంట్లో ఉంటూ ఏసీ లేనివాళ్లు ఎక్కువ తిరిగే చోట ఒకటి రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొనుక్కోండి, ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకెళ్లొచ్చు, పాత ఫ్యాన్లు అటక మీద దాచి వెళ్లేటప్పుడు బిగించి ఇవ్వండి. తెలంగాణలో 200 గోడ దగ్గర ఉన్నవాళ్లు బిల్లు తీసిన తేదీ నుంచి ఇరవయ్యో రోజున మీటరు చూసుకోవడం అలవాటు చేసుకోండి, అప్పటికి 130 దాటితే మిగిలిన పది రోజులు జాగ్రత్తపడే టైముంటుంది. సొంత ఇల్లు, రెండు ఏసీలు, నెలకు 400 యూనిట్లు దాటే వాడకం ఉన్నవాళ్లకు డాబా పూత, ఆ తర్వాత సోలార్. అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటూ ఊళ్లో అమ్మానాన్నలకు ఏదైనా కొనిపెడదామనుకునేవాళ్లు ఖరీదైన యాప్‌తో నడిచే వస్తువుల జోలికి పోకుండా గోడ స్విచ్‌తో నడిచే ఫ్యాన్లు, ఫ్లోట్ స్విచ్, ఎల్‌ఈడీ ట్యూబ్‌లు పెట్టించండి, వాళ్లు ఎవరినీ అడగకుండా వాడుకోగలుగుతారు.

ఏది మార్చినా ఫలితాన్ని పోయిన నెల బిల్లుతో పోల్చకండి, పోయిన ఏడాది ఇదే నెల బిల్లుతో పోల్చండి, అదీ రూపాయలు కాదు, యూనిట్లు. జూన్ తర్వాత వానలు పడితే ఏం మార్చకపోయినా బిల్లు తగ్గుతుంది.